తొలి మోటారు సైకిలు ఎంపికలో వేగం కన్నా అదుపే ముఖ్యం

(ప్రత్యేక వ్యాసం)

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడి కళాశాలలలో ప్రవేశాలు మొదలయ్యే వేళ తెలుగు రాష్ట్రాలలోని అనేక కుటుంబాలలో మోటారు సైకిలు కొనుగోలు ప్రస్తావన వస్తుంది. బస్సు సౌకర్యం అంతంత మాత్రంగా ఉన్న గ్రామం నుండి పట్టణానికి వెళ్ళవలసిన విద్యార్థికి, కొత్తగా ఉద్యోగంలో చేరిన యువతకు అది అవసరమే. అయితే తొలి వాహనం ఎంపికలో రంగుకు, వేగానికి లభించే ప్రాధాన్యం భద్రతకు లభించడం లేదు. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, వారిలో 74,897 మంది, అనగా నూటికి 44 మందికి పైగా, ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారేనని కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక తెలియజేస్తున్నది.

ముందు వయస్సు, తరువాతే వాహనం

గేర్లున్న మోటారు సైకిలు నడపడానికి 18 ఏళ్ళు నిండాలి. 16 ఏళ్ళు నిండినవారికి చట్టం అనుమతించినది 50 సీసీకి మించని వాహనాలను మాత్రమే. విపణిలోని పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ, ఆ పైబడినవే గనుక, ఇంటర్ పూర్తయ్యే నాటికి 17వ ఏట ఉన్న విద్యార్థికి స్కూటరు సైతం చట్టబద్ధం కాదు. 2019 సవరణ ప్రకారం మైనరు వాహనం నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకునికి లేదా యజమానికి మూడేళ్ళ వరకు జైలు శిక్ష, రూ. 25,000 జరిమానా విధించవచ్చు. వాహన రిజిస్ట్రేషను 12 నెలలపాటు రద్దవుతుంది. ఆ మైనరుకు 25 ఏళ్ళు నిండే వరకు లైసెన్సు పొందే అర్హత ఉండదు. కొన్ని నెలల తొందరపాటు కొన్నేళ్ళ అవకాశాన్ని దూరం చేస్తుందన్నది తల్లిదండ్రులు గుర్తించవలసిన విషయం.

ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు చెల్లుతుంది. అది పొందిన 30 రోజుల తరువాత శాశ్వత లైసెన్సు పరీక్షకు హాజరు కావచ్చు. ఈ కాలంలో వాహనానికి ‘ఎల్’ గుర్తు విధిగా ఉండాలి. శిక్షకుడిని తప్ప వేరెవరినీ వెనుక కూర్చోబెట్టుకోరాదు.

బరువు, ఎత్తు, శక్తి

కొత్తవారు పడిపోయే సందర్భాలు అధికంగా తక్కువ వేగంలోనే, అనగా మలుపు తిప్పేటప్పుడు, ఎత్తుపై ఆగినపుడు, ఇసుకపై కాలు జారినపుడు ఎదురవుతాయి. కనుక మొదట చూడవలసినది బరువు. 100 నుండి 125 సీసీ తరగతి వాహనాలు సాధారణంగా 110 నుండి 125 కిలోల బరువుండగా, 350 సీసీ వాహనాలు 180 కిలోలకు పైబడి ఉంటాయి. సీటుపై కూర్చున్నపుడు రెండు పాదాలూ నేలకు స్థిరంగా ఆనాలి. ఇంజను ఆపి వాహనాన్ని నెట్టి, వెనుకకు తిప్పి, సెంటర్ స్టాండు వేసి చూసుకోవడం దుకాణంలోనే చేయదగిన పరీక్ష. లైసెన్సు లేనివారు నడిపి చూడరాదు. ఆ పనిని అనుభవజ్ఞులైన బంధుమిత్రులకు అప్పగించాలి.

ఇక శక్తి విషయం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు వేసే ఒక్క సెకనులోనే వాహనం 11 మీటర్లు సాగిపోతుంది. 60 కిలోమీటర్ల వేగంలో అది సుమారు 17 మీటర్లు. బ్రేకు పడిన తరువాత ఆగేందుకు పట్టే దూరం రెండింతలకు మించి పెరుగుతుంది. స్వల్పంగా తిప్పినంతనే ముందుకు దూకే వాహనం అలవాటు లేని చేతికి తగినది కాదు.

బ్రేకులు

బ్రేకు వేసినపుడు భారం ముందు చక్రంపైకి మళ్ళుతుంది గనుక వాహనాన్ని ఆపడంలో ముందు బ్రేకుదే ప్రధాన పాత్ర. అయినా భయంతో వెనుక బ్రేకుపైనే ఆధారపడేవారు ఎందరో. రెండింటినీ క్రమంగా వాడటం ఖాళీ మైదానంలో అభ్యసించాలి. 2019 ఏప్రిల్ 1 నుండి 125 సీసీకి మించిన కొత్త వాహనాలకు ఏబీఎస్, అంతకు లోపు వాటికి ఏబీఎస్ లేదా రెండు చక్రాలకూ ఒకేసారి బ్రేకు పడే ఏర్పాటు తప్పనిసరి అయినవి. తడి రోడ్డుపైనా, రహదారిపై ఆరబోసిన ధాన్యంపైనా చక్రం బిగిసి జారిపోకుండా ఏబీఎస్ కాపాడుతుంది.

పాత వాహనం కొనేవారికి

అంతకు ముందు తయారైన వాహనాలలో ఈ ఏర్పాట్లు ఉండకపోవచ్చు. ఆర్.సి.లోని ఇంజను, ఛాసిస్ నంబర్లను వాహనంపై ఉన్నవాటితో సరిచూడాలి. ఫైనాన్సు బకాయి, పెండింగు చలాన్లు లేవని నిర్ధారించుకోవాలి. 29, 30 ఫారాలతో యాజమాన్య బదిలీ పూర్తి చేయాలి. బీమా బదిలీకి 14 రోజులలోగా దరఖాస్తు చేసుకోవాలి. కేవలం కాగితంపై సంతకంతో వాహనం అప్పగిస్తే, ప్రమాదం జరిగినపుడు బాధ్యత రికార్డులలో పేరున్న పాత యజమానిపైనే పడుతుంది.

హెల్మెట్ ఖర్చు వాహనం ధరలో భాగమే

కొత్త వాహనంతో ప్రమాణబద్ధమైన హెల్మెట్ అందజేయాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళి నిర్దేశిస్తున్నది. కొనుగోలుదారులు దానిని అడిగి తీసుకోవాలి. వెనుక కూర్చునేవారికి రెండవది కొనాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండి, తలకు బిగుతుగా అమరి, గడ్డం కింద పట్టీ బిగించినపుడే అది రక్షణనిస్తుంది. 2022లో హెల్మెట్ ధరించక మరణించిన 50,029 మందిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారే. ట్యాంకుపైనో, మోచేతికో తగిలించిన హెల్మెట్ ఎవరినీ కాపాడలేదు.

బిడ్డ చేతికి తాళం చెవి ఇచ్చే ముందు వయస్సు నిండినదా, లైసెన్సు ఉన్నదా, వాహనం అతని లేదా ఆమె అదుపులో ఉండగలదా అన్న మూడు ప్రశ్నలకు ప్రతి కుటుంబం సమాధానం చెప్పుకోవాలి. మూడింటిలో ఏ ఒక్కదానికి ‘కాదు’ అన్నదే సమాధానమైనా కొనుగోలును వాయిదా వేయడమే శ్రేయస్కరం.