పసిబిడ్డలకు పనిపాటల పరిచయము

రైతుబిడ్డ నొకనిని దగ్గఱకు పిలిచి, మీ నాయన యేమి పని చేయునని యడిగినచో, "ఏం పని చెయ్యడు, పొలంకాడికి పోతడు" అని బదులు చెప్పుట మన సభ్యులలో ననేకులు వినియే యుందురు. తల్లిని గూర్చి యడిగినచో నింకను చిన్న బదులు వచ్చును: "ఇంట్లనే ఉంటది." తెల్లవారుజామున పాలు పితికి, వంట ముగించి, మధ్యాహ్నము వఱకు నడుము వంచి కలుపు తీసిన తల్లి యామె! ఈ మాట బిడ్డ స్వయముగా కల్పించుకొన్నది కాదు. నెల జీతము వచ్చునదే పని, తక్కినది పని కాదని యింట పెద్దలు పలుమారు పలుకగా విని నేర్చుకొన్నది.

అంగన్‌వాడీలలోను, బడులలోను పనివారి పటములు గోడలకు వ్రేలాడుచుండును. రైతు, వైద్యుడు, ఉపాధ్యాయుడు, రక్షకభటుడు వరుసగా నిలిచి యుందురు. పటము మంచిదే. కాని యందలి రైతు తరచుగా తలపాగ చుట్టి రెండెడ్ల వెనుక నాగలి పట్టి కన్పట్టును. మన పొలమున దున్నునది ట్రాక్టరు. నాట్లు వేయు స్త్రీలకు ఆ పటమున చోటే లేదు. ఇక బిడ్డ యా బొమ్మలో తన వారి నెట్లు గుర్తించును?

పెద్ద అంబర్‌పేట్ వంటి యూళ్ళలో నీ విషయము మఱింత యాలోచింపదగినది. విజయవాడ రహదారియు, వలయరహదారియు నిచట కలిసికొనుచున్నవి. తాత సాగుచేసిన చెలక ప్లాట్లయ్యెను. తండ్రి లారీ నడుపునో, గిడ్డంగిలో లెక్కలు వ్రాయునో, 1996 లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీలో వడ్రంగమో రంగులపనియో చేయునో! ఒక్క వీథిలో నిన్ని పనులుండగా బిడ్డకు వానిలో నొక్కటియు సరిగా తెలియకుండుట వింత గాదా?

బోధించుటకు పుస్తక మక్కఱలేదు. ఒక్క మామిడిపండు చాలును. దిల్‌సుఖ్‌నగర్ చేరువ కొత్తపేటలో చాల యేండ్లు నడచిన గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు 2021-22 లో మన బాటసింగారమునకు తరలివచ్చినది. పండు బిడ్డ చేతిలో నుంచి, ఇది నీయొద్దకు వచ్చుటకు ఎవరెవరు పనిచేసిరో వ్రేళ్ళమీద లెక్కింపుమనుడు. తోట పెంచినవారు, కాపలా కాచినవారు, చిక్కముతో కోసినవారు. కాయను తొడిమతో కోయనిచో సొన కారి తోలు మచ్చపడును గనుక కోయుట కూడ నేర్పుగల పనియే యని యచట చెప్పవలెను. పిదప కాయలను పరిమాణము చూచి వేఱుపఱచినవారు, పెట్టెల కెత్తినవారు, రాత్రియంతయు లారీ తోలినవారు, దింపిన హమాలీలు, తూచినవారు, వేలము పాడినవారు, తుదకు వీథిలో బండి త్రోయుచు అమ్మినవారు. పది వ్రేళ్ళును చాలవు. ఆఱేండ్ల లోపు బిడ్డకు చెవితో విన్నదానికంటె కన్నులతో చూచినది నిలుచును. కావున ఒకనాడు మార్కెట్టునకే కొనిపోవుట మేలు. వీలైనవారు చేరువనే యున్న భూదాన్ పోచంపల్లికి పోయి, నేయుటకు ముందే నూలును కట్టుకట్టి రంగులద్దు విధమును చూపవచ్చును. బట్టమీద పువ్వు మగ్గముకంటె ముందే పుట్టినదని తెలిసినప్పుడు పిల్లల కన్నులు పెద్దవగుట చూడదగినది.

పనివారి పేర్లు చెప్పుటలో నొక మెలకువ కావలెను. పూర్వము మన గ్రామములలో వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మున్నగువారు కళ్ళమున ధాన్యభాగము పొందుచు ఊరి పనులు చేయుచుండిరి. పని పేరే కులము పేరయ్యెను. తండ్రి పనియే కొడుకునకు తప్పనిదయ్యెను. నేటి బిడ్డకు ఆ ముడి నందింప నేల? కుండలు చేయువారు, బట్టలుదుకువారు, వీథులూడ్చువారు అని పనిని బట్టియే చెప్పుడు. తాత, మామ, అత్త, అక్క యని వరుసపెట్టి పిలుచుట మన పల్లెల మంచి యాచారము. వీథులూడ్చు నామెను గూడ బిడ్డచేత అక్కా యనియే పిలిపింపుడు.

చేతిపని ద్వారా చదువు చెప్పవలెనను తలంపు క్రొత్తది గాదు. 1937 లో వార్ధాలో గాంధీమహాత్ముడు దీనిని దేశము ముందుంచెను. పాఠ్యప్రణాళిక సిద్ధపఱచిన సంఘమునకు అధ్యక్షత వహించిన డాక్టర్ జాకీర్ హుస్సేన్ మన హైదరాబాదున జన్మించినవారే. అయినను ఆ పథకము ఏడేండ్లు నిండినవారికి. పసివారికి చూచుటయు, అడుగుటయు, ఆటలో ననుకరించుటయు చాలును.

ఇచట మేము గట్టిగా చెప్పవలసిన మాట యొకటి కలదు. పని చూపుట వేఱు, పని చేయించుట వేఱు. ఈ రంగారెడ్డి జిల్లాలోనే 1990 తరువాత మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వారు, శాంతాసిన్హా గారి నాయకత్వమున, పనులలోనున్న వేలాది పిల్లలను శిబిరములలో చేర్చి, చదువునకు సిద్ధపఱచి బడులకు పంపిరి. బడికి పోని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యని వారి వాదము. పశువులు కాచుట, ఇంట చిన్నవారి నెత్తుకొని కూర్చుండుట గూడ వారి లెక్కలో పనియే. పేదలకు పిల్లల కూలి లేనిదే గడవదను మాటను వారొప్పుకొనలేదు. బడి పిలిచినచో పంపుటకు బీద తల్లిదండ్రులును ముందుకు వచ్చెదరని చేసి చూపిరి. 2003 లో శాంతాసిన్హా గారికి రామన్ మెగసెసే బహుమతి లభించెను. పదునాలుగేండ్ల లోపువారిని పనికి పెట్టుకొనుట 2016 సవరణ చట్టముచే నిషిద్ధము. బడివేళలు పోగా ఇంటివారికి తోడ్పడుటకు మాత్రము, ప్రమాదము లేని పనులలో, సెలవు కలదు. ఈ సెలవును సాకుగా గొని పత్తిచేనిలో బిడ్డను నిలుపువారికి మా యొద్ద మంచిమాట లేదు.

కావున పురుగుమందు చల్లునాడు పిల్లలను పొలమునకు తేకుడు. నూర్పిడి యంత్రము దూరమునుండియే చూపుడు. ఎరువుల బస్తాలు పంచు దినమున మన సంఘ కార్యాలయమునకు తోడ్కొని రండు. రసీదు వ్రాయువారిని, బస్తా మోయువారిని వారే ప్రశ్నలడుగుదురు. మామిడికాలములోనే వేసవి సెలవులు గనుక మార్కెట్టునకు అప్పుడు పోవచ్చును. ఎండ ముదురక మునుపే బయలుదేరుడు. తలకు గుడ్డయు, త్రాగుటకు నీళ్ళును మఱవకుడు. లారీలు వెనుకకు మళ్ళుచోట బిడ్డ చేయి విడువకుడు.