పెద్దల బాధ చూచి ఊరకుండరాదు

పెద్దలను ఇంటిలోనే ఉంచుకొని చూచుకోవడం మన తెలుగువారి గొప్ప అని మనం చెప్పుకుంటాము. చాలా ఇండ్లలో అది నిజమే. నిజం కాని ఇండ్లను గురించి మాత్రం మనం మాట్లాడము. ఈ వ్యాసం అట్టి ఇండ్లను గురించినది. అట్టి ఇల్లు మన కంట పడినప్పుడు ఈ దక్షిణాఫ్రికా దేశపు చట్టం మనమీద పెట్టిన బాధ్యతను గురించినది.

ముందుగా నా తప్పు నేను చెప్పుకొంటాను. కొన్ని సంవత్సరాల క్రితం డర్బన్‌లో మా ఆదివారపు భజనకు ఒక అవ్వ వచ్చేది. కళ్ళజోడు విరిగి నెలలైనా దానికి దారం కట్టి పెట్టుకొనేది. ప్రసాదంలో సగం కొంగున మూట కట్టుకొనేది. ఒకనాడు నన్ను ప్రక్కకు పిలిచి, తన పింఛను కార్డు మనుమడి దగ్గర ఉన్నదనీ, అడిగితే చేయి చేసుకుంటాడనీ చెప్పినది. వెంటనే, "ఎవరికీ చెప్పకు నాయనా, ఇంటి గుట్టు" అన్నది. నేను చెప్పలేదు. కొన్నాళ్ళకు ఆమె తుంటి విరిగి ఆసుపత్రిలో చేరినది. మంచం చుట్టూ భజనవాళ్ళం నలుగురం నిలబడి ఉన్నాము. "ఇంట్లో ఏం జరుగుతున్నదో ఇంతకు ముందు ఎవరికీ తెలియదా?" అని డాక్టరు అడిగినది. నలుగురం నేల చూపులు చూశాము. నలుగురికీ తెలుసు.

"ఇంటి గుట్టు లంకకు చేటు" అని మన సామెత. అయితే లంకకు చేటు వచ్చినది విభీషణుడు చెప్పినందువల్ల కాదు, రావణుడు చేసినందువల్ల. ఈ సంగతి మనం మరచిపోతున్నాము.

చట్టం ఏమి చెప్పుచున్నది?

ఈ దేశంలో వృద్ధుల చట్టం 2006లో చేయబడి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. ఈ చట్టం దృష్టిలో 60 ఏండ్లు నిండిన స్త్రీ, 65 ఏండ్లు నిండిన పురుషుడు వృద్ధులు. వృద్ధాప్యపు పింఛను మాత్రం ఇద్దరికీ 60 ఏండ్లకే వస్తుంది. ఈ రెండు లెక్కలను కలుపరాదు.

చట్టంలోని 26వ సెక్షను మనకు ముఖ్యం. వృద్ధునిపై హింస జరిగినదని గాని, ఆ హింసవల్ల దెబ్బ తగిలినదని గాని అనుమానం కలిగిన ఏ మనిషి అయినా ఆ సంగతిని వెంటనే సాంఘికాభివృద్ధి శాఖకు గాని, పోలీసువారికి గాని తెలియజేయవలెను. తెలియజేయకపోవడం నేరం. "ఏ మనిషి అయినా" అన్న మాటను గమనించండి. డాక్టర్లు, నర్సులు, సోషల్ వర్కర్లు మాత్రమే కాదు. పొరుగువారు, బంధువులు, గుడి కమిటీవారు, భజన చేసేవారు అందరూ అందులోకి వస్తారు. పనిరీత్యా వృద్ధులను చూచేవారికి 25వ సెక్షనులో వేరొక బాధ్యత కూడా కలదు. కొట్టినారన్న అనుమానం లేకపోయినా, ఆ మనిషికి రక్షణ, పోషణ అవసరమని తమ కంటితో చూచి గ్రహిస్తే చాలు, వారు తెలియజేయవలెను.

రెండవ మాట "అనుమానం". సాక్ష్యం సంపాదించడం మన పని కాదు. విచారించి నిజం తేల్చడం అధికారుల పని. మంచి మనసుతో చెప్పినవారిపై, ఆ చెప్పినందుకు బాధ్యత మోపరాదని చట్టమే రక్షణ ఇచ్చినది.

హింస అంటే కొట్టడం ఒక్కటే కాదు. శరీరాన్ని బాధించడం, లైంగికంగా వేధించడం, తిట్టి బెదిరించి మనసును కుంగదీయడం, ఆస్తిని డబ్బును లాగుకోవడం – ఇవన్నీ చట్టం లెక్కలో హింసలే. అవ్వ పింఛను ఆమె ఇష్టానికి విరుద్ధంగా తీసుకోవడం, ఆమె సామాను ఆమె ఒప్పుకోలు లేకుండా అమ్మివేయడం ఇందులోకే వస్తాయి. "మా అవ్వ డబ్బు మా ఇంటి డబ్బే కదా" అన్న మాట చట్టం ముందు నిలువదు.

వృద్ధులే కాక

గృహహింస చట్టానికి 2021లో చేసిన సవరణ 2023 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చినది. దాని ప్రకారం, పిల్లలపై గాని, వికలాంగులపై గాని, వృద్ధులపై గాని గృహహింస జరిగినదని తెలిసినా, తగిన కారణంతో అనుమానించినా, వయసు వచ్చిన ప్రతి మనిషి సోషల్ వర్కరుకో పోలీసుకో వీలైనంత త్వరగా చెప్పి తీరవలెను. బుద్ధిమాంద్యం ఉన్న మేనకోడలు గాని, మంచం పట్టిన తమ్ముడు గాని వృద్ధులు కాకపోయినా వారికీ ఈ రక్షణ కలదు.

చెప్పితే ఏమవుతుంది?

అవ్వను ఇంటినుండి లాగుకొనిపోయి ఏదో ఆశ్రమంలో పడవేస్తారని మనవారికి భయం. చట్టం దారి వేరు. ముందు విచారణ జరుగుతుంది. దెబ్బలు ఉంటే ఆసుపత్రికి చేర్చుతారు. 27వ సెక్షను ప్రకారం, ప్రమాణపూర్వకంగా ఇచ్చిన సమాచారం సరిపోతే, బాధించినవాడే ఇల్లు విడిచి మేజిస్ట్రేటు ముందు హాజరు కావలెనని పోలీసువారు వ్రాతమూలకంగా నోటీసు ఇవ్వవచ్చును. అనగా ఇల్లు విడువవలసినది అవ్వ కాదు, అతడు.

వెళ్ళేటప్పుడు ఏ తేదీన ఏమి చూశారో, ఏమి విన్నారో కాగితం మీద వ్రాసుకొని వెళ్ళండి. చూచినది చూచినట్లు చెప్పండి, ఊహలు కలపవద్దు. చెప్పిన చోట కేసు నంబరు గాని, మాట్లాడిన అధికారి పేరు గాని అడిగి వ్రాసుకొండి. బాధించినవాడితో మీరే తగవుకు దిగవద్దు. ఆ కోపం మళ్ళీ అవ్వమీదనే పడుతుంది. ప్రాణభయం ఉంటే నేరుగా పోలీసులను పిలవండి.

మన పూర్వీకుల మాట

1860లో మద్రాసునుండి మొదటి ఓడ నేటాలుకు వచ్చినది. కంట్రాక్టు తీరినవారిలో కొందరు 1871లో మద్రాసుకు తిరిగి వెళ్ళి, ఇక్కడి చెరకుతోటలలో పడిన కొరడా దెబ్బలు, అందని జీతాలు అక్కడి అధికారులతో చెప్పినారు. ఆ చెప్పిన మాటవల్లనే 1872లో కూలీ కమీషను కూర్చున్నది, వలసవచ్చినవారికి సంరక్షకాధికారి ఏర్పడినాడు. 1874లో గాని మళ్ళీ ఓడలు కదలలేదు. తరువాత కూడా కష్టాలు తీరలేదన్నది నిజమే. కాని ఆ మొదటివారు "పోయిన కష్టం పోయినది, మనకెందుకు" అని ఊరకుండి ఉంటే ఆ కమీషను కూడా ఉండేది కాదు. వారు తెల్లదొరల మీద, ఏ చట్టమూ తమను చెప్పమని అడగని రోజులలో చెప్పినారు. మనం మన అవ్వకోసం, చట్టమే చెప్పమన్నప్పుడు, నోరు విప్పలేమా?

మా అవ్వ ఆసుపత్రినుండి తిరిగి వచ్చినది గాని భజనకు మరి రాలేదు. ఆమె కూర్చొనే చోటు ఖాళీగా ఉన్నది. సోదరీ సోదరులారా, మీ భజనలో, మీ వీధిలో, మీ బంధువుల ఇంటిలో అట్టి అవ్వ ఉంటే, ఆ చోటు ఖాళీ కాకముందే చెప్పండి.