నింద చిప్ మీద, తప్పు లోడ్‌ది: అనలాగ్ మల్టీప్లెక్సర్ బోర్డుపై అపోహలు – వాస్తవాలు

సెన్సర్లు ఎనిమిది, చదివే పిన్ ఒక్కటే. అప్పుడు అక్కరకొచ్చేది అనలాగ్ మల్టీప్లెక్సర్. సీడీ4051, 74హెచ్‌సీ4051 చాలామందికి తెలిసినవే. పదహారు ఛానెళ్లు కావాలంటే 74హెచ్‌సీ4067, కొలత ఖచ్చితంగా ఉండాలంటే అనలాగ్ డివైసెస్ వారి ఏడీజీ1608 లాంటివి. వీటిని పరీక్షించి చూసుకోవడానికి కంపెనీలు ఎవాల్యుయేషన్ బోర్డులు అమ్ముతాయి. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న చిన్న బ్రేకౌట్ బోర్డుతోనే ఆ పని కానిచ్చేవాళ్లూ ఉంటారు. బోర్డు మీద ఉండేదల్లా నాలుగు జంపర్లు, కొన్ని రెసిస్టర్లు, ఖాళీగా వదిలిన కొన్ని ప్యాడ్లు. ఇందులో తెలుసుకోవడానికేముంది అనిపిస్తుంది. కొలత తేడా రాగానే మాత్రం ‘చిప్ పోయింది’ అనేస్తారు. చిప్ నిజంగా పోవడం అరుదు. దానికి తగిలించిన లోడో, తగిలించడం మరిచిన జంపరో కారణమవుతుంది.

అపోహ: ఎనేబుల్ జంపర్‌ను హై వైపు పెడితే చిప్ ఆన్ అవుతుంది.

వాస్తవం: ఏ చిప్ అన్నదాన్ని బట్టి. ఏడీజీ1608లో ఈఎన్ హై ఉంటేనే ఛానెల్ తెరుచుకుంటుంది. 4051, 4067లలో సరిగ్గా తిరగేసి ఉంటుంది: ఆ పిన్ హై అయితే అన్ని ఛానెళ్లూ మూతబడతాయి. 4067 బోర్డు మీద ‘ఈఎన్’ అని మాత్రమే అచ్చువేసి, పైన గీత పెట్టకపోతే కొత్తవాళ్లు తికమకపడతారు. దాన్ని గ్రౌండ్‌కు కలపాలి. వదిలేస్తే కుదరదు.

అపోహ: వాడని అడ్రస్ పిన్‌కు జంపర్ అక్కర్లేదు, ఊరికే ఉంటే సున్నా కిందే లెక్క.

వాస్తవం: సీమాస్ ఇన్‌పుట్‌కు సొంతంగా సున్నా అంటూ ఏమీ ఉండదు. గాలిలో వదిలేస్తే పక్క తీగ నుంచి, చేతి నుంచి వచ్చే చిన్నపాటి ఛార్జికే అటూ ఇటూ ఊగుతుంది. బోర్డు దగ్గరకు వేలు తీసుకెళ్లగానే ఛానెల్ మారిపోతోందంటే కారణం ఇదే. ఇక రెండో తప్పు దీనికి ఎదురుది: జంపర్‌తో అడ్రస్‌ను గ్రౌండ్‌కు కట్టేసి, అదే లైనుకు కంట్రోలర్ పిన్ కూడా కలపడం. కంట్రోలర్ ‘ఒకటి’ పంపినప్పుడల్లా ఆ పిన్ నేరుగా గ్రౌండ్‌కు షార్ట్ అవుతుంది. ఆర్డ్యునో యూనోలోని ఏటీమెగా328పీ పిన్ తట్టుకునే గరిష్ఠ పరిమితి 40 మిల్లీ ఆంపియర్లు. బయటి నుంచి నడపాలనుకుంటే ముందు జంపర్ తీయాలి.

వోల్టేజీ సంగతీ ఉంది. 74హెచ్‌సీ రకానికి 5 వోల్టులు ఇస్తే ‘ఒకటి’గా గుర్తించడానికి సుమారు 3.5 వోల్టులు కావాలి. ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3. మన బల్ల మీద పనిచేసిందని మురిసిపోవచ్చు గానీ, ఇంకో చిప్‌తోనో ఇంకో ఉష్ణోగ్రత దగ్గరో మొరాయిస్తే దాన్ని తప్పుపట్టలేం. సప్లై జంపర్‌ను 3.3 వైపు మార్చండి, లేదా 2 వోల్టులనే హైగా తీసుకునే హెచ్‌సీటీ రకం వాడండి. సప్లై తగ్గిస్తే ఛానెల్ నిరోధం పెరుగుతుంది, సిగ్నల్ కూడా 3.3 దాటకూడదు.

అపోహ: బోర్డుతో వచ్చిన 50 ఓమ్‌ల లోడ్‌ను కదపకూడదు.

వాస్తవం: ఎక్కువ గొడవలకు మూలం ఇదే. 50 ఓమ్‌లు ఆర్‌ఎఫ్ పరికరాల ప్రపంచపు అలవాటు. బ్యాండ్‌విడ్త్, ఆఫ్ ఐసొలేషన్, క్రాస్‌టాక్ కొలవడానికి అది సబబే. దాన్ని అలాగే ఉంచి డీసీ సెన్సర్ కలిపితే ఏమవుతుందో లెక్క వేద్దాం. సీడీ4051కు 15 వోల్టుల సప్లై దగ్గర ఛానెల్ నిరోధం సాధారణంగా 125 ఓమ్‌లు. 50 ఓమ్‌ల లోడ్ మీద కనిపించేది ఇన్‌పుట్‌లో 50/175 వంతు, అంటే 29 శాతం కూడా కాదు. లోడ్ 10 కిలో ఓమ్‌లైతే తేడా ఒకటిన్నర శాతం లోపే. 5 వోల్టుల సప్లైకి అదే చిప్ నిరోధం సాధారణంగానే 470 ఓమ్‌లకు చేరుతుంది, కాబట్టి లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కరెంట్ కూడా చూసుకోవాలి. 74హెచ్‌సీ4051లో ఛానెల్ 70 ఓమ్‌లనుకుంటే, 4.5 వోల్టులు నేరుగా 50 ఓమ్‌ల లోడ్ మీదకు పంపితే 37 మిల్లీ ఆంపియర్లు దాటుతుంది. ఆ స్విచ్ గరిష్ఠ పరిమితి 25.

జాగ్రత్తపరులు చేసే పొరపాటు ఒకటుంది. బోర్డు మీద 50 ఓమ్‌లు ఉండగానే స్కోప్ ఇన్‌పుట్‌నూ 50 ఓమ్‌లకు మారుస్తారు. రెండూ సమాంతరమై 25 ఓమ్‌లవుతాయి. రెండింట్లో ఒకటే ఉండాలి. ఫంక్షన్ జనరేటర్‌తో తంటా దీనికి వ్యతిరేకం: తెర మీద 1 వోల్ట్ అని చూపించేది అవతల 50 ఓమ్‌లు ఉన్నాయన్న నమ్మకంతో. బోర్డు మీద లోడ్ పీకేస్తే నిజంగా వెళ్లేది 2 వోల్టులు. జనరేటర్‌లో ‘హై జెడ్’ అమరిక ఉన్నది ఇందుకే.

అపోహ: అయితే లోడ్ పూర్తిగా తీసేయడమే మేలు.

వాస్తవం: ఒక పరీక్ష చేసి చూడండి. 4067లో రెండో ఛానెల్‌కు 3 వోల్టులు ఇచ్చి, మూడో ఛానెల్‌కు ఏమీ కలపకుండా, రెండిటినీ వెంటవెంటనే చదవండి. మూడోది కూడా ఇంచుమించు 3 వోల్టులే చూపిస్తుంది. ‘ఛానెళ్లు లోపల అతుక్కుపోయాయి’ అంటారు. ఏదీ అతుక్కోలేదు. అన్ని ఛానెళ్లూ కలిసే కామన్ లైను మీద చిప్, తీగ, ఏడీసీల కెపాసిటెన్స్ ఉంటుంది. ఏటీమెగా328పీ ఏడీసీ లోపలే 14 పికోఫారడ్ల కెపాసిటర్ ఉంది. రెండో ఛానెల్ నింపిన ఛార్జి పోయే దారి లేక అక్కడే ఉండిపోయింది. కామన్ నుంచి గ్రౌండ్‌కు 100 కిలో ఓమ్‌లు పెడితే, మొత్తం 50 పికోఫారడ్లనుకుంటే, టైమ్ కాన్‌స్టెంట్ 5 మైక్రోసెకన్లు. పాతిక మైక్రోసెకన్లు ఆగి చదివితే ఆ పాత వోల్టేజీ మాయమవుతుంది. పెట్టే రెసిస్టర్ మరీ పెద్దదైతే లీకేజీ ఎదురవుతుంది: సీడీ4051 డేటాషీట్ గరిష్ఠంగా 100 నానో ఆంపియర్లకు ఒప్పుకుంటుంది, అది 1 మెగా ఓమ్ మీద 100 మిల్లీవోల్టులు. మామూలుగా లీకేజీ అంతకన్నా ఎంతో తక్కువే, కానీ వేడితో పెరుగుతుంది.

అపోహ: డేటాషీట్‌లోని అంకె చిప్ గుణం, లోడ్‌తో దానికి పనిలేదు.

వాస్తవం: ఏడీజీ1608 లాంటివాటి డేటాషీట్‌లో స్విచింగ్ సమయం పక్కనే చిన్న అక్షరాల్లో 300 ఓమ్‌లు, 35 పికోఫారడ్లు అని ఉంటుంది. ఛార్జి ఇంజెక్షన్ పక్కన 1 నానోఫారడ్ అని ఉంటుంది. మన లోడ్ అది కాకపోతే మన అంకె కూడా అది కాదు. 20 పికోకూలుంబుల ఛార్జి 1 నానోఫారడ్ మీద పడితే 20 మిల్లీవోల్టుల గంతు. అదే 50 పికోఫారడ్ల మీద అయితే 400. బోర్డు మీది ఖాళీ కెపాసిటర్ ప్యాడ్లు అలంకారానికి కాదు. ప్రోబ్ కూడా లోడే, 1ఎక్స్ అమరికలో అది 100 పికోఫారడ్ల దరిదాపుల్లో ఉంటుంది.

అపోహ: మల్టీప్లెక్సర్‌లో సిగ్నల్ ఒకవైపే నడుస్తుంది.

వాస్తవం: రెండు వైపులా నడుస్తుంది. తిప్పి వాడితే లోడ్‌ను కూడా అటువైపు ప్యాడ్లకు మార్చుకోవాలి, అంతే.

అపోహ: నెగెటివ్ సప్లై జంపర్‌ను గ్రౌండ్‌కు పెట్టినా ఆడియో వెళ్తుంది, చిన్న సిగ్నలే కదా.

వాస్తవం: వెళ్తుంది, కింది భాగం తెగి. 74హెచ్‌సీ4051లో ఏడో పిన్ వీఈఈ, ఎనిమిది గ్రౌండ్. రెండూ కలిపేస్తే సున్నాకు బాగా కిందికి దిగిన సిగ్నల్‌ను రక్షణ డయోడ్లు పట్టేస్తాయి. ఆ కరెంట్ పక్క ఛానెల్ కొలతనూ చెడగొడుతుంది. ఈ బాధ తగ్గించడానికే 74హెచ్‌సీ4851 అనే రకం వచ్చింది. నిజంగా నెగెటివ్ సిగ్నల్ కావాలంటే వీఈఈకి మైనస్ 5 ఇవ్వండి, ప్లస్ 5తో కలిపి 10 వోల్టులే దాని హద్దు. లేదంటే కెపాసిటర్ పెట్టి, రెండు సమాన రెసిస్టర్లతో సిగ్నల్‌ను సప్లైలో సగానికి ఎత్తండి.

అపోహ: సప్లై జంపర్ పీకేస్తే చిప్ ఆఫ్ అయినట్టే.

వాస్తవం: ఇన్‌పుట్ మీద సిగ్నల్ ఉంటే అదే డయోడ్ల గుండా సప్లై లైనుకు కరెంట్ చేరుతుంది. బోర్డు మీది ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంటుంది, చిప్ అరకొరగా పనిచేస్తుంటుంది. దీన్ని చూసి ‘సప్లై లేకుండానే నడుస్తోందే’ అని సంబరపడేవాళ్లను చూశాను. ఆ దారిన ఎక్కువ కరెంట్ పోతే డయోడ్ దెబ్బతినవచ్చు. ముందు సప్లై, తర్వాత సిగ్నల్. ఆపేటప్పుడు ముందు సిగ్నల్. ఆ వరుస మీ చేతిలో లేకపోతే ప్రతి ఇన్‌పుట్‌కూ వరుసగా 1 కిలో ఓమ్ పెట్టండి. కరెంట్ కొన్ని మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది.