ఆపకూడనివి... ఆపవలసినవి

కార్తిక సోమవారం. తెల్లవారుజామున చన్నీటి స్నానం, దీపారాధన, శివదర్శనం, నక్షత్రాలు కనిపించేదాకా ఉపవాసం. ఆ సాయంత్రం ఆలయంలో ప్రదక్షిణలు చేస్తూ కళ్ళు తిరిగి కూలబడే పెద్దవారిని మీరూ చూసే ఉంటారు. ఎవరైనా నీళ్ళు అందిస్తే, 'వద్దు బాబూ, వ్రతభంగమవుతుంది' అంటారు. ఆ భక్తికి చేతులెత్తి మొక్కవలసిందే. కానీ దాహాన్ని అలా బిగబట్టమని శాస్త్రం నిజంగా చెప్పిందా?

వాగ్భటాచార్యుని అష్టాంగహృదయం సుమారు ఏడవ శతాబ్దం నాటి ఆయుర్వేద గ్రంథమని పండితుల అభిప్రాయం. దాని సూత్రస్థానంలో రెండవ అధ్యాయం దినచర్య, మూడవది ఋతుచర్య. నాలుగవది రోగానుత్పాదనీయం, అంటే రోగాలు పుట్టకుండా చూసుకునే విధానం. పేరు వినగానే కషాయాలూ లేహ్యాలూ ఉంటాయనుకుంటాం. ఆచార్యుడు ఎత్తుకున్నది మాత్రం తుమ్ములూ ఆవులింతల ప్రస్తావన! శరీరంలో సహజంగా పుట్టే ప్రేరణలను ఆయన వేగాలన్నాడు. అపానవాయువు, మలం, మూత్రం, తుమ్ము, దప్పిక, ఆకలి, నిద్ర, దగ్గు, శ్రమవల్ల కలిగే ఆయాసం, ఆవులింత, కన్నీరు, వాంతి, శుక్రం - ఈ పదమూడింటినీ బలవంతంగా ఆపరాదు. రానివాటిని బలవంతంగా రప్పించనూ రాదు. రోగాలన్నీ ఈ రెండింటివల్లనే పుడతాయన్నాడు. 'అన్నీ' అనే మాటను నేటి వైద్యులు అంగీకరించకపోవచ్చు. కొన్నింటి విషయంలో మాత్రం వారూ ఆ మాటే చెబుతున్నారు.

మూత్రవేగాన్నే తీసుకోండి. దాన్ని ఆపితే ఒళ్ళునొప్పులు, పొత్తికడుపులో బాధ, అశ్మరి అంటే రాళ్ళు కలుగుతాయని వాగ్భటుడు. నీరు తక్కువగా తాగేవారికి మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడే ప్రమాదం హెచ్చని, గంటల తరబడి ఆపుకోవడం మూత్రనాళ వ్యాధులకు దారితీయవచ్చని నేటి వైద్యులు. ఇది ఎక్కువగా ఎవరి కష్టమో మీకు తెలుసు. బస్సు ప్రయాణం ఉందంటే ఉదయం నుంచే నీళ్ళు మానేసే తల్లులది. బడిలో మరుగుదొడ్డి బాగులేక సాయంత్రం దాకా ఓర్చుకునే ఆడపిల్లలది. వారిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. మీరు ఆలయ ధర్మకర్తలైనా, ఊరి పెద్దలైనా, ఒక శుభ్రమైన మరుగుదొడ్డి కట్టించడం గోపురానికి సున్నం వేయించడం కన్న తక్కువ పుణ్యమేమీ కాదు.

కన్నీటి సంగతి మరీ విచిత్రం. 'మగవాడివి, ఏడుస్తావా?' అని పసివాడిని గద్దిస్తాం. కన్నీటిని అణచుకుంటే తలనొప్పి, గుండెలో బాధ, మెడ పట్టివేత, అరుచి కలుగుతాయంటాడు ఆచార్యుడు. చికిత్స ఏమిటంటారా? నిద్ర, ఇష్టమైన కబుర్లు. మద్యాన్ని కూడా పేర్కొన్నాడు గాని, ఆ ఒక్కదాన్నీ మనం పక్కన పెడదాం!

మరి ఆపవలసినవి లేవా? ఉన్నాయి. లోభం, ఈర్ష్య, ద్వేషం, మాత్సర్యం, రాగం. వీటినీ వేగాలనే అన్నాడు వాగ్భటుడు. చరకసంహితలోనైతే పరుషవాక్కు, చాడీలు, అసత్యం, సమయం కాని సమయంలో మాట్లాడటం కూడా ఆపవలసిన వాటిలో చేరాయి. మనం చేస్తున్నదేమిటి? సెల్‌ఫోను చూస్తూ నిద్రను ఆపుకుంటాం. తెల్లవారి లేచి, నిద్రలేమి విసుగునంతా ఇంట్లో వృద్ధులపై మాటల రూపంలో వదిలిపెడతాం.

ఇక ఉపవాసం మాట. మహాభారతంలో, ఉద్యోగపర్వంలో విదురుడు వ్రతానికి భంగం కలిగించనివి ఎనిమిదని చెప్పాడు. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువుగారి ఆజ్ఞ, ఔషధం. జాబితాలో నీరు మొదటిది, మందు చివరిది. కళ్ళు తిరిగి కూలబడిన ఆ పెద్దాయనకు ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

మధుమేహానికి ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారు ఆహారం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక దాని లక్షణాలు. అప్పుడు తారకోదయం కోసం ఎదురుచూడరాదు. మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి వెంటనే తాగించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయక ఆసుపత్రికి తరలించాలి. మందు మోతాదును మీ అంతట మీరు మార్చుకోకండి. కార్తికం రాకముందే వైద్యుని కలిసి, ఉపవాసం ఉండవచ్చునో లేదో, ఉంటే మందులు ఏ వేళకు వేసుకోవాలో అడిగి తెలుసుకోండి. గుడికి బయలుదేరేటప్పుడు కొబ్బరికాయ, వత్తులు సర్దుకునే సంచిలోనే ఒక నీళ్ళసీసా, పంచదార పొట్లం కూడా వేసుకోండి.