లైనక్స్‌లో గ్రాఫిక్స్: కంపెనీ డ్రైవరా? ఫ్రీ డ్రైవరా? పాత కార్డు కొనేముందు ఇది తెలుసుకోండి

తిరుపతి, చిత్తూరు వైపు కంప్యూటర్ సామాన్లు చవగ్గా కావాలంటే చాలామందికి గుర్తొచ్చేవి రెండే. చెన్నై రిచీ స్ట్రీట్, లేదంటే బెంగళూరు ఎస్పీ రోడ్. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనే బడ్జెట్ లేని ఇంజినీరింగ్ స్టూడెంట్‌కి అక్కడి సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1050, 1060 మంచి బేరంలా కనిపిస్తాయి. తెచ్చి ప్రాజెక్టు కోసం ఉబుంటు లాంటి లైనక్స్ వేశాక అసలు ప్రశ్న వస్తుంది. ఏ డ్రైవర్ వేయాలి?

కార్డుకి, లైనక్స్‌కి మధ్య దుబాసీ లాంటిది డ్రైవర్. ఎన్‌విడియా కార్డులకు రెండు రకాలున్నాయి. ఒకటి కంపెనీ ఇచ్చేది. దీనికి పైసా కట్టక్కర్లేదు కానీ, లోపలి కోడ్ మన చేతిలో ఉండదు. రెండోది నూవో. ఇది పూర్తిగా ఫ్రీ సాఫ్ట్‌వేర్, కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. అంటే ఇక్కడ గొడవ డబ్బు గురించి కాదు, కోడ్ ఎవరి చేతిలో ఉందన్నదాని గురించి.

నిజానికి డబ్బు గొడవ కూడా ఒకప్పుడు ఉండేది. 1990ల్లో లైనక్స్ స్క్రీన్ మీద బొమ్మ రావాలంటే 1992లో మొదలైన ఎక్స్‌ఫ్రీ86 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవారు. కొత్త కార్డులకు అది సరిపోకపోతే యాక్సిలరేటెడ్-ఎక్స్, మెట్రో-ఎక్స్ లాంటివి కొనుక్కునేవారు. ఆ పెయిడ్ సాఫ్ట్‌వేర్ పేర్లు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు. 2004లో లైసెన్స్ తగాదా వచ్చి ఎక్స్‌ఫ్రీ86 కూడా పక్కకెళ్లింది. దాని కోడ్ నుంచే ఎక్స్.ఆర్గ్ పుట్టింది. కోడ్ బయట ఉంది కాబట్టే అది సాధ్యమైంది.

మరి నూవో వేసుకుంటే సరిపోదా? అక్కడే ఉంది చిక్కు. ఎన్‌విడియా వివరాలు ఇవ్వకపోవడంతో, కార్డు ఎలా పనిచేస్తుందో బయటి నుంచి గమనించి డెవలపర్లు నూవో రాశారు. 2010లో అది లైనక్స్ కెర్నల్‌లో చేరింది. కానీ జీటీఎక్స్ 900 సిరీస్ నుంచి కంపెనీ ఒక తాళం వేసింది. తమ డిజిటల్ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ అయితేనే కార్డు స్పీడ్ పెంచనిస్తుంది. నూవోకి ఆ సంతకం లేదు. దాంతో సిస్టం ఆన్ అయినప్పుడున్న తక్కువ స్పీడులోనే కార్డు ఉండిపోతుంది. తిరుమల ఘాట్ రోడ్డు మొత్తం ఫస్ట్ గేర్‌లో ఎక్కినట్టన్నమాట.

జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 సిరీస్ నుంచి కథ మారింది. వీటిలో జీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్ ఉంటుంది. కంపెనీ ఫర్మ్‌వేర్‌ను దాని మీద నడిపి, 2024లో వచ్చిన లైనక్స్ 6.7 నుంచి నూవో కూడా స్పీడ్ పెంచగలుగుతోంది. 2022 మేలో ఎన్‌విడియా తన డ్రైవర్‌లో కెర్నల్ భాగం కోడ్‌ను బయటపెట్టింది. అదీ ఈ కార్డులకూ, వీటి తర్వాత వచ్చినవాటికే.

మధ్యలో ఇరుక్కుంది 10 సిరీస్. 2025లో వచ్చిన 580 డ్రైవర్ సిరీసే వీటికి ఆఖరిదని కంపెనీ ప్రకటించింది. ఏఐ ప్రాజెక్టులకు కావాల్సిన కూడా కొత్త వెర్షన్ 13 కూడా వీటిని వదిలేసింది. కంపెనీ డ్రైవర్ ఆగిపోతోంది, ఫ్రీ డ్రైవర్‌కి స్పీడ్ లేదు. కార్డు మాత్రం బాగానే ఉంది! ల్యాప్‌టాప్‌లలోని ఎంఎక్స్150, ఎంఎక్స్250, ఎంఎక్స్350 కూడా ఇదే కుటుంబం. కాబట్టి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ బేరమాడేటప్పుడు స్టిక్కర్ మీద నంబర్ చూడండి.

ఏఎండీ, ఇంటెల్‌తో ఈ తలనొప్పి తక్కువ. వాటి ఫ్రీ డ్రైవర్లు కెర్నల్‌తోనే వస్తాయి, కంపెనీల ఇంజినీర్లే రాస్తారు. 2012 నాటి ఏఎండీ కార్డుల డ్రైవర్లను కూడా బయటి డెవలపర్లు ఇంకా మెరుగుపరుస్తూనే ఉన్నారు. అయితే కూడా మాత్రం ఎన్‌విడియాదే. కాలేజీలో మీ కోర్సు దాని మీదే నడుస్తుంటే ఏఎండీ కొనడం వల్ల ఉపయోగం లేదు. కొంచెం ఎక్కువైనా జీటీఎక్స్ 1650 చూసుకోవడం నయం.

ఇప్పటికే 10 సిరీస్ ఉంటే కంగారుపడి అమ్మేయక్కర్లేదు. ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ అనే మెనూ తెరిచి 580 ఎంచుకోండి, పాత కూడా వెర్షన్ 12తో పని నడుస్తుంది. ఇన్‌స్టాల్ మధ్యలో సెక్యూర్ బూట్ పాస్‌వర్డ్ పెట్టమంటే అది రాసిపెట్టుకోండి. రీస్టార్ట్ అయ్యాక నీలం స్క్రీన్‌లో మళ్లీ అడుగుతుంది. అక్కడ వదిలేసి ముందుకెళ్తే డ్రైవర్ లోడ్ కాదు.