కింద అంగడి, పైన కాపురం

హైదరాబాదు పాతబస్తీలో మదీనా కూడలి నుంచి చార్‌కమాన్ వైపు నడిచేవారికి దారి పొడవునా రాతి కమానుల వరుసలు కనిపిస్తాయి. అదే పత్థర్‌గట్టి. కమానుల నీడలో వస్త్రాలు, ముత్యాలు, అత్తర్లు అమ్మే దుకాణాలున్నాయి. వాటి పైన కిటికీల వరుస. కింది అంతస్తు జనంతో కిటకిటలాడుతున్నా, పైన ఎన్నో కిటికీలు మూసే ఉంటాయి. కాపురాలు సాగిన గదుల్లో కొన్ని నేడు సరుకుల గోదాములయ్యాయి.

1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని అతలాకుతలం చేసింది. ఆ తరువాత 1912లో ఏర్పడిన నగర అభివృద్ధి మండలి, మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో ఈ వీధిని తీర్చిదిద్దింది. కింద వ్యాపారం, పైన నివాసం అన్నదే దాని రూపకల్పన. ముస్లిం నగరాలకు ఈ పద్ధతి కొత్తది కాదు. కైరోలో సుల్తాన్ గౌరీ 16వ శతాబ్ది ఆరంభంలో నిర్మించిన వకాలాలో కింద వర్తకుల సరుకు గదులు, పైన అద్దె ఇళ్లు ఉండేవి. మన మదీనా కూడలికి పేరు తెచ్చిన మదీనా బిల్డింగ్ సైతం వక్ఫ్ కట్టడమే. 1947లో నిర్మితమైన ఆ భవనం అద్దెలు ఒకప్పుడు మదీనా నగరంలోని పేదలకు చేరేవి. ఒక గోడ వ్యాపారికి నీడనిచ్చింది, కుటుంబానికి గూడునిచ్చింది, దూరాన ఉన్న పేదకు అన్నం పెట్టింది.

ఇప్పుడు ఇటువంటి పాత భవనాల యజమానుల వద్దకు కొత్త ప్రతిపాదనలు వస్తున్నాయి. కింద ఆధునిక దుకాణాలు, పైన ‘లాఫ్ట్’ ఇళ్లు. మన ఇళ్లల్లో లాఫ్ట్ అంటే సామాన్లు పెట్టుకునే అటక. నగరాల్లో మాత్రం ఎత్తయిన కప్పు గల విశాలమైన గదిలో సగం మేర పైఅరను అమర్చి చేసిన నివాసాన్ని అలా పిలుస్తున్నారు. న్యూయార్క్‌లో ఖాళీపడిన కార్ఖానాలలో కళాకారులు కాపురం పెట్టడంతో ఇది ప్రసిద్ధి పొందింది. పాత కట్టడాన్ని కూల్చకుండా నిలబెట్టుకోవడం మంచిదే. అయితే సున్నం కలపడానికి ముందే తేల్చుకోవలసిన హక్కులు కొన్ని ఉన్నాయి.

మేము ఎరిగిన ఒక కుటుంబంలో తండ్రి మరణానంతరం ముగ్గురు కుమారులు బజారులోని పాత భవనాన్ని బాగుచేయించ తలపెట్టారు. నకలు పటం ఇంటికి వచ్చింది. ఏ దుకాణం ఎవరిదో, ఏ ఇల్లు ఎవరిదో అందులో రాసి ఉంది. పుట్టింటికి వచ్చిన చిన్న చెల్లెలు దాన్ని శ్రద్ధగా చూసి, “భాయీజాన్, ఆపాకూ నాకూ ఏ అంతస్తు ఇచ్చారు?” అని అడిగింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. వారి మనసులో దురుద్దేశం లేదు. అక్కచెల్లెళ్లు ఎలాగూ అడగరులే అన్న అలవాటు ఉంది. ఆ అలవాటే అన్యాయం.

దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా వాటాలను స్పష్టంగా నిర్ణయించింది. అప్పులు, వీలునామా తీరిన తరువాత ఆ ఆస్తిని 64 భాగాలు చేస్తే తల్లికి 8, ఒక్కొక్క కుమారునికి 14, ఒక్కొక్క కుమార్తెకు 7 భాగాలు వస్తాయి. మరమ్మతుకు ముందు ఈ లెక్క కాగితంపైకి రావాలి. సొంత సొమ్ము వెచ్చించిన సోదరుని ఖర్చును అప్పుగానో, ఒప్పందం మేరకు అదనపు వాటాగానో రాసుకోవాలి. ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు అప్పులను రాసుకోవడం గురించే కదా! ఆ కుటుంబం చివరకు పటాన్ని పక్కన పెట్టి, ముందు వాటాలు రాసుకుంది. పని ఆర్నెల్లు ఆలస్యమైంది. ఈద్ నాడు మాత్రం అందరూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నారు.

రెండవది, అద్దెదారు, పొరుగువారి హక్కు. ఏళ్ల తరబడి అక్కడే బతికిన చిన్న వ్యాపారికి, పని పూర్తయ్యాక తిరిగి వచ్చే అవకాశాన్ని ముందే లిఖితంగా ఇవ్వడం ధర్మం. పొరుగువాని విషయంలో జిబ్రీల్ (అలైహి) ఎంతగా తాకీదు చేశారంటే, అతణ్ణి వారసునిగా చేస్తారేమోనని దైవప్రవక్త (సఅసం) భావించారు. మన తవ్వకం వల్ల అతని గోడ బీటలు వారితే దానికి మనమే బాధ్యులం.

మూడవది ప్రాణాల హక్కు. 2025 మే 18న గుల్జార్‌హౌజ్ వద్ద దుకాణాలపైన నివాసమున్న ఇంట్లో అగ్నిప్రమాదం సంభవించి 17 మంది మరణించారు. వారిలో పసిపిల్లలూ ఉన్నారు. లోపలికి దారి ఇరుకు, మెట్లు ఇరుకు. కనుక నివాసానికి దుకాణంతో సంబంధం లేని వేరే మెట్లు తప్పనిసరి. వెనుక వీధి నుంచి వేరే ద్వారం ఉంటే ఇంటి స్త్రీలకు గోప్యత లభిస్తుంది, ఆపదలో అదే ప్రాణరక్షణ మార్గమవుతుంది. పాత విద్యుత్ తీగలను పూర్తిగా మార్చాలి. తెరుచుకోని ఇనుప జాలీలను కిటికీలకు బిగించరాదు. నిప్పంటుకునే సరుకును కాపురాల కింద నిల్వ చేయరాదు.

ఇక కట్టడం సంగతి. పాత భవనాల్లో బరువును మోసేది గోడలే, స్తంభాలు కావు. దుకాణం వెడల్పు కోసం ఒక గోడ తీసేస్తే పై అంతస్తుకు ఆధారం పోతుంది. నిర్మాణ ఇంజనీరు చూడనిదే గునపం వేయరాదు. సున్నపు గోడలు తేమను పీల్చి వదులుతాయి. వాటిపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి గోడ చివుకుతుంది. సున్నపు గోడకు సున్నమే మందు. స్నానపు గదులను ఒకదానిపై ఒకటి వచ్చేలా ఒకే పక్కన పెడితే గొట్టాల కోసం గోడలన్నీ తొలిచే అవసరం రాదు. పైఅరను పాత గోడలపై మోపకుండా తేలికపాటి ఉక్కు చట్రంపై నిలపడం క్షేమకరం.

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమన్నది అల్లాహ్ ఆజ్ఞ. తాతలు కట్టిన ఇల్లు మన చేతికి వచ్చిన అమానతు. దానికి రంగులు వేయించే ముందు, ఆ కప్పు కింద ఎవరెవరి హక్కు ఉందో ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్క చూసుకుందాం. పత్థర్‌గట్టిలో మూసి ఉన్న ఆ కిటికీలు మళ్లీ తెరుచుకోవాలి. తెరిచిన ఇంట్లో ఎవరి హక్కూ మూసుకుపోకూడదు.