నోరు కట్టుకుంటే రోజా అయిపోయినట్టేనా?

ఈ ఎపిసోడ్‌లో రోజా గురించి, అంటే రంజాన్ ఉపవాసం గురించి మాట్లాడుకుందాం. విజయవాడలో నాకు ఏటా రెండు రకాల ప్రశ్నలు వస్తాయి. ముస్లిమేతర మిత్రులు అడిగేది ఒకటి: "మంచినీళ్ళు కూడా తాగరా? ఉమ్మి కూడా మింగకూడదట కదా, నిజమేనా?" రెండోది మన ఇళ్ళలోంచే వస్తుంది: "నాన్నగారికి షుగర్ ఉందండీ, అయినా రోజా మాననంటున్నారు, ఏం చెయ్యమంటారు?" మొదటిదానికి జవాబు చిన్నది. రెండోదాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అది ప్రాణానికి సంబంధించిన సంగతి.

అవును, నీళ్ళు కూడా తాగరు. తెల్లవారుజామున ఫజ్ర్ వేళ మొదలైనప్పటి నుంచి సూర్యాస్తమయం దాకా తిండి, నీళ్ళు, బీడీ సిగరెట్లు, దాంపత్య సంబంధం ఏవీ ఉండవు. ఉమ్మి సంగతి మాత్రం ఒట్టి అపోహ. నోట్లో సహజంగా ఊరే ఉమ్మి మింగితే రోజా పోదు. మరచిపోయి ఒక ముద్ద తిన్నా పోదు. గుర్తొచ్చిన వెంటనే ఆపేసి, సాయంత్రం దాకా కొనసాగిస్తే చాలు.

ఇక మాట దగ్గరికి వద్దాం. మన డెల్టా పల్లెల్లో, ముఖ్యంగా తెలుగే ఇంటి భాషగా ఉన్న దూదేకుల వారి ఇళ్ళలో, రోజాని 'ఒక్కపొద్దు' అంటారు. "ఇవాళ ఒక్కపొద్దున్నావా అమ్మా?" అని పెద్దవాళ్ళు అడుగుతుంటే వినడానికి నాకు హాయిగా ఉంటుంది. అయితే మామూలు వాడుకలో ఒక్కపొద్దు అంటే పూటే భోజనం చేయడం. ఉపవాసం అనే సంస్కృత పదానికి దగ్గరగా ఉండటం అని అర్థం చెబుతారు. రోజా పర్షియన్ నుంచి వచ్చిన మాట. ఖుర్ఆన్ వాడిన అరబీ పదం 'సౌమ్'. దాని అసలు అర్థం ఆగడం, తనను తాను ఆపుకోవడం. ఈ ఆపుకోవడం అన్నది పట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

దివ్య ఖుర్ఆన్ రెండో సూరా 183వ ఆయత్‌లో ఉపవాసం ఎందుకో ఉంది. మీకంటే ముందువారికి విధించినట్టే మీకూ విధించాం, మీలో తఖ్వా కలగాలని, అన్నది దాని భావం. తఖ్వా అంటే దైవభీతి అంటాం కానీ, అది వణికిపోయే భయం కాదండీ. ఎవరూ చూడకపోయినా అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుక. గదిలో ఒక్కడివే ఉన్నావు, ఎదురుగా ఫ్రిజ్ ఉంది, అందులో చల్లటి నీళ్ళున్నాయి. తాగితే ఎవరికీ తెలియదు. అయినా చెయ్యి పోదు. ఆ చెయ్యి పోకపోవడమే తఖ్వాకి అభ్యాసం.

చూడండి, ఆ ఆయత్‌లో ఆకలి పడమని లేదు, దాహంతో బాధపడమని లేదు. ఆకలి దారి మాత్రమే, చేరవలసిన చోటు కాదు. ఈ మాట మరిచిపోయినప్పుడే రెండు తప్పులు జరుగుతాయి.

మొదటిది, చేతకాని ఒంటిని హింసపెట్టడం. రంజాన్ చాంద్రమాన నెల కాబట్టి ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది, సుమారు 33 ఏళ్ళలో అన్ని ఋతువులూ తిరిగి వస్తుంది. మనకైతే అన్ని పనుల కాలాలూ తిరిగి వస్తుందన్నమాట. 2012, 2013లో జూలైలో మొదలైంది, డెల్టాలో నాట్ల కాలం. 2018లో మే నెల మధ్యలో మొదలైంది, రోహిణి ఎండలు. విజయవాడలో జూన్ రోజా 14 గంటల 30 నిమిషాల దాకా ఉంటుంది, డిసెంబరు చివర్లో 12 గంటల పైచిలుకే. పైగా 2030లో రంజాన్ రెండుసార్లు మొదలవుతుంది, ఒకసారి జనవరిలో, మళ్ళీ డిసెంబరు చివర్లో. చలికాలం రోజాకీ రోహిణి రోజాకీ పుణ్యం లెక్క అల్లాహ్ దగ్గర ఉంది. ఒంటి లెక్క మాత్రం మనమే చూసుకోవాలి.

ఆ లెక్క కూడా ఖుర్ఆనే చెప్పింది. ఆజ్ఞ వచ్చిన వెంటనే, 184వ ఆయత్‌లోనే మినహాయింపు వచ్చింది: జబ్బుపడినవారు, ప్రయాణంలో ఉన్నవారు తర్వాతి రోజుల్లో ఆ లెక్క పూర్తి చేసుకోవచ్చు. నెలసరిలో ఉన్న స్త్రీలు రోజా ఉండరు, తర్వాత ఉంటారు. గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ తమ గురించో బిడ్డ గురించో భయముంటే సడలింపు ఉంది. వృద్ధాప్యం వల్లో నయం కాని జబ్బు వల్లో ఇక ఎప్పటికీ ఉండలేనివారు రోజుకొక పేదకు భోజనం పెట్టాలి. దాన్నే ఫిద్యా అంటారు.

షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి ఇది చెబితే, "ఇన్నేళ్ళు ఒక్కటీ వదల్లేదురా, ఇప్పుడు వదలాలా?" అంటారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ హిజ్రీ 8వ సంవత్సరం రంజాన్‌లో ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మక్కా వైపు ప్రయాణిస్తూ, జనానికి కష్టంగా ఉందని తెలిసి, నీళ్ళ పాత్ర పైకెత్తి అందరూ చూస్తుండగా తాగారు. అప్పటికీ కొందరు విరమించలేదని తెలిసి, వాళ్ళు మాట వినని వాళ్ళన్నారు. ఇంకో ప్రయాణంలో ఒకతను సొమ్మసిల్లితే చుట్టూ మూగి నీడ పడుతున్నారు. అలా ప్రయాణంలో రోజా ఉండటం పుణ్యకార్యమేమీ కాదన్నారు. అంటే సడలింపు తీసుకోవడం తక్కువ భక్తి కాదు, అదీ ఆజ్ఞ పాటించడమే.

కాబట్టి షుగర్ ఉన్నవారు రంజాన్‌కి ముందే డాక్టర్ని కలవండి. మాత్రల వేళలు, ఇన్సులిన్ మోతాదు మార్చాల్సి రావచ్చు. ఉండొద్దంటే ఉండకండి. వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోతుందేమోనని కొందరు చూసుకోరు. పోదండీ. 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే విరమించాలని వైద్యులు చెబుతారు. ఇఫ్తార్‌కి పది నిమిషాలే ఉందని ఆగకూడదు. ఎండలో తట్టలు మోసే కూలీ కూడా సహరీ తిని, నియ్యత్ చేసుకుని మొదలుపెట్టవచ్చు. ప్రాణం మీదికొస్తే నీళ్ళు తాగి, ఆ రోజాని తర్వాత తీర్చుకోవచ్చని పండితులు చెబుతారు.

రెండో తప్పు దీనికి తలకిందులు: కడుపు మాత్రమే మాడ్చుకుని మిగతావేవీ ఆపుకోకపోవడం. మన తెలుగులో 'నోరు కట్టుకోవడం' అని మంచి మాట ఉంది. నోట్లోకి పోయేది మాత్రమే కాదు, నోట్లోంచి వచ్చేదీ కట్టుకోవాలి. అబద్ధాన్నీ దాని ప్రకారం నడవడాన్నీ మానని మనిషి అన్నపానాలు మానడం అల్లాహ్‌కి అక్కర్లేదని హదీసు భావం. ఎవరైనా తగువుకొస్తే, నేను రోజాతో ఉన్నానని చెప్పి తప్పుకోమన్నారు.

మరి కాటా దగ్గర? ధాన్యం తూకంలో తరుగు పేరుతో న్యాయమైన దానికంటే ఎక్కువ కోసేసి, మగ్రిబ్ అజాన్ వినగానే ఖర్జూరంతో ఇఫ్తార్ చేస్తే? తూకాల్లో మోసం చేసేవాళ్ళ గురించి ఖుర్ఆన్‌లో ఒక సూరానే ఉంది, 83వది. చట్టం లెక్కన ఆ రోజా చెల్లిందనే అంటారేమో. నేనైతే ఆ ఖర్జూరం తినలేను.

కొలతలంటే గుర్తొచ్చింది, పండగ నమాజుకి ముందే ఫిత్రా ఇవ్వాలి. ప్రవక్త కాలంలో తలకు ఒక 'సా' ఖర్జూరమో బార్లీనో ఇచ్చేవారు. ఇప్పటి లెక్కలో అది రెండున్నర నుంచి మూడు కిలోలు. ధర కట్టి డబ్బు రూపంలో ఇవ్వవచ్చన్న అభిప్రాయమూ ఉంది. బియ్యమే ఇచ్చేట్టయితే, మన బాపట్లలో పుట్టిన సాంబమసూరి, అదే బీపీటీ 5204, ఇంట్లో వండుకుంటూ పేదలకి కోటా బియ్యం కొలవకండి. మీరు తినేదే ఇవ్వండి, చిన్నపిల్లల తరఫున కూడా.

వచ్చే ఎపిసోడ్‌లో జకాత్ లెక్కలు చూద్దాం, ఇన్షా అల్లాహ్. అస్సలాము అలైకుమ్.